పులిమితే పోయేది, అద్దితే నిలిచేది: మేకప్ మెళకువల వెనక ఉన్న కారణాలు

ఒక చిన్న పరీక్షతో మొదలుపెడదాం. ముఖం కడుక్కుని, కుడి చెంపకు చర్మం రంగును సమం చేసే ఫౌండేషన్‌ను వేలితో గుండ్రంగా రుద్దుతూ పూయండి. ఎడమ చెంపకు అదే ఫౌండేషన్‌ను, అంతే కొలతలో, తడిపి పిండిన స్పాంజ్‌తో తట్టుతూ అద్దండి. అప్పటికప్పుడు అద్దంలో పెద్ద తేడా కనబడకపోవచ్చు. నాలుగైదు గంటలు మీ పనులు చూసుకుని, కిటికీ దగ్గరికి వచ్చి మళ్లీ చూడండి. రుద్దిన వైపు ముక్కు పక్కన రంగు విడిపోయి, చర్మరంధ్రాల చుట్టూ చుక్కలు కట్టి కనిపిస్తుంది. అద్దిన వైపు చాలావరకు పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

మేకప్ నేర్చుకోవాలని వచ్చినవాళ్ల చేత మొదటిరోజు నేను ఈ పనే చేయిస్తాను. సీసా మార్చకుండానే ఫలితం మారడం కళ్లారా చూసినవాళ్లు, ఆ తర్వాత "ఏ కంపెనీది కొనాలి" అని అడగడం తగ్గించి "ఎలా వేయాలి" అని అడగడం మొదలుపెడతారు.

ఏ మెళకువైనా పనిచేసిందంటే దాని వెనక మూడింట్లో ఏదో ఒకటి ఉంటుంది. చర్మం మీద పొర సరిగ్గా ఆరి ఉండాలి, లేదా వెలుతురు ఆ పొర మీద పడి మనకు కావలసినట్టు తిరిగొచ్చి ఉండాలి, లేదా చూసే కన్ను మనం అనుకున్నట్టు మోసపోయి ఉండాలి. కింద చెప్పే అడుగులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. మీరు ఎక్కడైనా కొత్త కిటుకు చూసినా, ఈ మూడింట్లో అది దేన్ని వాడుకుంటోందో వెతకండి. దేన్నీ వాడుకోకపోతే అది కెమెరా కోసం చేసిన సరదా మాత్రమే.

మొదటి అడుగు: వెలుతురు చూసుకోవడం

మేకప్ చెడడంలో చేతి తప్పు కన్నా బల్బు తప్పే ఎక్కువ. పసుపుగా వెలిగే బల్బుల రంగు ఉష్ణోగ్రత సుమారు 2700 నుంచి 3000 కెల్విన్ ఉంటుంది. పట్టపగటి వెలుతురు 5500 నుంచి 6500 దాకా ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురులో పసుపు, నారింజ పాలు పెరుగుతాయి. అలాంటి దీపం కింద ముఖానికి పసుపు ఎక్కువైనా కంటికి ఆనదు. బయట అడుగుపెట్టగానే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు! కొట్లో ఒకలా కనిపించిన బట్ట ఇంటికొచ్చాక ఇంకోలా కనిపించడం లాంటిదే ఇది కూడా.

దీపం ఎక్కడుందన్నది దాని రంగు కన్నా ముఖ్యం. నెత్తి మీద ఒక్కటే దీపం ఉంటే కనుబొమల కింద, కళ్ల కింద, ముక్కు కింద నీడలు పడతాయి. లేని నలుపును ఉందనుకుని, మచ్చలను కప్పే కన్సీలర్ దట్టించేస్తాం. కిటికీకి ఎదురుగా, దాని వైపు ముఖం పెట్టి కూర్చోండి. అది కుదరకపోతే అద్దానికి రెండు పక్కలా, కళ్ల ఎత్తులో, తెల్లటి దీపాలు పెట్టుకోండి.

వెలుతురును, దాన్ని పట్టే కెమెరాను బట్టి మేకప్ మారాలన్నది సినిమావాళ్లు కష్టపడి నేర్చుకున్న పాఠం. తొలినాటి నలుపు తెలుపు ఫిల్ముకు ఎరుపు రంగు దాదాపు ఆనేదే కాదు. ఎర్రటి పెదాలు తెర మీద నల్లగా పడేవి. 1930లలో టెక్నికలర్ అనే రంగుల ఫిల్ము పద్ధతి వచ్చేసరికి పాత జిడ్డు మేకప్ మెరుస్తూ చుట్టుపక్కల రంగులన్నీ ముఖం మీదికి తెచ్చుకునేది. దాంతో మాక్స్ ఫాక్టర్ సంస్థ పాన్‌కేక్ అనే మెరుపు లేని పలచటి మేకప్‌ను తయారుచేయాల్సి వచ్చింది. అందుకే ఫోటో కోసం వేసుకునే మేకప్, ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్ల కోసం వేసుకునే మేకప్ ఒక్కటి కావు. ఎవరు, ఏ వెలుతురులో చూస్తారో ముందే అనుకుని కూర్చోండి.

రెండో అడుగు: కింది నేల సిద్ధం చేయడం

చర్మం పైపొర అంతా మృతకణాలే. ముఖం మీద అది వెంట్రుక మందం కన్నా కూడా పలచన. ఆ కణాలకు తేమ చాలినంత ఉంటే ఒకదానికొకటి అతుక్కుని నున్నగా పడుకుని ఉంటాయి. తేమ తగ్గితే అంచులు లేచి పొట్టులా నిలబడతాయి. ఫౌండేషన్‌లోని రంగు ఆ లేచిన అంచుల్లోకి వెళ్లి కూర్చుంటుంది. మనం "ప్యాచెస్ కట్టింది" అంటాం. ఫౌండేషన్ మార్చినా అవి పోవు. మాయిశ్చరైజర్ రాసి, ఐదు నుంచి పది నిమిషాలు ఆగితే చాలావరకు పోతాయి.

ఆ ఆగడమే ఎవరూ చేయరు. మాయిశ్చరైజర్‌లో సగానికి పైగా నీరే ఉంటుంది. అది ఆరకముందే పైన ఫౌండేషన్ వేస్తే రెండూ కలిసిపోయి పలచబడతాయి, చర్మాన్ని పట్టుకోకుండా జారతాయి. జిడ్డు చర్మంవాళ్లు మాయిశ్చరైజర్ మానేయాల్సిన పని లేదు. జిడ్డు వేరు, తేమ వేరు. జెల్ రకం పలచగా రాసుకుంటే చాలు.

సన్‌స్క్రీన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ అంకెను, అంటే ఎండ నుంచి ఎంత కాపు ఇస్తుందో చెప్పే కొలతను, ప్రయోగశాలలో కొలిచేటప్పుడు ఒక్కో చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. ఫౌండేషన్‌ను అంత దట్టంగా ఎవరూ వేసుకోరు, వేసుకుంటే ముఖానికి సున్నం కొట్టినట్టు ఉంటుంది. కాబట్టి "ఫౌండేషన్‌లోనే ఎస్‌పీఎఫ్ ఉందిగా" అని సన్‌స్క్రీన్ మానడం పొరపాటు. విడిగా వేసుకోండి, పొర ఆరనివ్వండి, ఆ పైన ఏది వేసినా రుద్దకండి. రుద్దితే కింద ఆరిన సన్‌స్క్రీన్ పొర అక్కడక్కడా చినుగుతుంది, కొన్నిసార్లు రబ్బరు పొడిలా ఉండలు కట్టి లేచి వస్తుంది.

ఈ ఉండలు కట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. నీటి ఆధారంగా చేసినవి, సిలికోన్ ఆధారంగా చేసినవి ఒకదాని మీద ఒకటి అన్నిసార్లూ సర్దుకోవు. పదార్థాల పట్టీలో మొదటి నాలుగైదు పేర్లు చూడండి. "మెథికోన్", "సిలోక్సేన్" అని ముగిసే పేర్లు పైన ఉంటే అది సిలికోన్ రకం. ఫౌండేషన్ కింద రాసే ప్రైమర్, ఫౌండేషన్ రెండూ ఒకే జాతివి అయితే గొడవ తక్కువ. ప్రైమర్ గురించి ఇంతకుమించి చెప్పేదేమీ లేదు. రంధ్రాలు కనిపించే చోట, అంటే ముక్కు, దాని పక్కన రెండు వేళ్ల మేర రాసుకోండి. ముఖమంతా పూయడం వృథా.

మూడో అడుగు: ఛాయ ఎంచుకోవడం

మణికట్టు మీద నరాలు పచ్చగా ఉంటే ఒక ఛాయ, నీలంగా ఉంటే ఇంకో ఛాయ అనే సలహా మీరు వినే ఉంటారు. చామనఛాయ నుంచి నలుపు దాకా ఉన్న చర్మాల్లో ఆ నరాలు సరిగ్గా కనబడవు, కనబడినా చర్మం మందాన్ని బట్టి, వెలుతురును బట్టి రంగు మారుతుంది. దాన్ని పక్కన పెట్టేయండి. దగ్గర దగ్గరగా ఉన్న మూడు షేడ్లను దవడ ఎముక మీద నుంచి మెడ వైపు గీతలుగా గీయండి. పగటి వెలుతురులో ఏ గీత మాయమైపోయిందో అదే మీది.

అయితే వెంటనే తేల్చేయకండి, పావుగంట ఆగండి. ఫౌండేషన్ రంగంతా దాదాపు నాలుగు పొడుల కలయిక: తెలుపుకు టైటానియం డయాక్సైడ్, ఎరుపు, పసుపు, నలుపులకు ఐరన్ ఆక్సైడ్లు. ఆవిరయ్యే ద్రవం పోయి, చర్మం మీది నూనె ఈ పొడులను తడిపేసరికి రంగు ఒక మెట్టు ముదురుతుంది. నీళ్లు పడిన గచ్చు ముదురుగా కనబడటం చూశారుగా, అదే సంగతి. జిడ్డు చర్మం మీద ఈ మార్పు ఎక్కువ.

ఒక మెట్టు తెల్లటి షేడ్ కొనడం మనలో చాలామందికి అలవాటు. ఇది అందం గురించిన ఉపన్యాసం కాదు గానీ, ఆ ఎంపిక పనిచేయకపోవడానికి లెక్క ఉంది. తెల్లటి షేడ్‌లో టైటానియం పాలు ఎక్కువ. ముదురు చర్మం మీద ఆ తెలుపు, కిందనున్న గోధుమ రంగుతో కలిసి బూడిద రంగుగా తేలుతుంది. ముఖం వెలగదు, పాలిపోతుంది.

నాలుగో అడుగు: మచ్చలకు, వలయాలకు ఎదురు రంగు

కన్సీలర్ ఎంత వేసినా కళ్ల కింద నలుపు బూడిద రంగులో తొంగిచూస్తోందంటే, మీరు దాన్ని కప్పుతున్నారు గానీ రద్దు చేయడం లేదు. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉన్న రంగులు కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఎరుపుకు ఆకుపచ్చ, నీలానికి నారింజ, ఊదాకు పసుపు. మొటిమ ఎర్రదనం మీద కొద్దిగా ఆకుపచ్చ, కంటి కింద నీలిమ మీద నారింజ పెట్టడం అందుకే. తెల్లటి చర్మానికి లేత పీచ్ చాలు. చామనఛాయకు ముదురు పీచ్, నలుపు చర్మానికి దాదాపు ఎర్రటి నారింజ కావాలి. లేత పీచ్‌లో తెలుపు ఎక్కువ ఉండటం వల్ల ముదురు చర్మం మీద అది మళ్లీ బూడిదే అవుతుంది.

అయితే మీ కంటి కింద ఉన్నది ఏ జాతి నలుపో ముందు తేల్చుకోండి. అద్దం ముందు నిలబడి, కింది రెప్ప చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకు లాగండి. లాగినా గోధుమ రంగు అలాగే ఉంటే అది చర్మంలోనే ఉన్న మెలనిన్ అనే రంగు పదార్థం. లాగగానే నీలం, ఊదా ఇంకా స్పష్టమైతే పలచటి చర్మం కింద నుంచి రక్తనాళాలు కనబడుతున్నాయన్నమాట. ఇప్పుడు కిటికీ వైపు ముఖం ఎత్తండి. వెలుతురు నేరుగా పడగానే నలుపు మాయమైతే అది రంగే కాదు, గుంత వల్ల పడిన నీడ.

మొదటి రెండింటికీ ఎదురు రంగు పనిచేస్తుంది. మూడోదానికి చేయదు. నీడకు రంగు వేయలేం, గుంతను వెలిగించగలం. మీ ఛాయ కన్నా ఒక మెట్టు లేతగా ఉన్న కన్సీలర్‌ను ఆ గుంత గీత వెంబడి మాత్రమే సన్నగా పెట్టండి. దాని పైనున్న ఉబ్బు మీద పెడితే ఉబ్బు ఇంకా ముందుకొచ్చి, పని రెట్టింపు చెడుతుంది. కళ్ల కింద పెద్ద త్రికోణం గీసి తెల్లగా నింపడం ఎక్కువమంది ముఖాల మీద ఎందుకు బెడిసికొడుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఉబ్బును, గుంతను కలిపి ఒకే రంగుతో నింపేస్తే రెండింటి మధ్య తేడా అలాగే మిగులుతుంది.

ఎదురు రంగు వేసేటప్పుడు బియ్యపు గింజంత చాలు. వేలి కొసతో తట్టి, అంచులు కలిపి, ఒక నిమిషం ఆగి ఆ పైన కన్సీలర్ అద్దండి. రుద్దితే రెండూ కలిసి మూడో రంగు పుడుతుంది.

ఐదో అడుగు: పొర పరచడం

అసలు కథ ఇక్కడే ఉంది. ఎక్కువసేపు నిలిచే ఫౌండేషన్లలో ఆవిరైపోయే ద్రవం ఒకటి ఉంటుంది, తరచుగా తేలికపాటి సిలికోన్ లేదా ఐసోడోడెకేన్. అది రంగును చర్మం మీద పరిచి, తాను గాలిలోకి వెళ్లిపోతుంది. మిగిలేది రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే సన్నటి పొర. ఆ ద్రవం పోయేదాకా పొర మెత్తగా ఉంటుంది, సర్దడానికి వీలుంటుంది. పోయాక అది చర్మానికి అతుక్కుని గట్టిపడుతుంది. ఆ తర్వాత మళ్లీ రుద్దారంటే ఆరిన పొరను చించుతున్నట్టే. అందుకే నుదురు, చెంపలు, గడ్డం అన్నిచోట్లా ఒకేసారి చుక్కలు పెట్టుకుని ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయేవాళ్లకు చివరి చుక్క దగ్గర చారలు వస్తాయి. ఒక భాగం పూర్తిచేసి ఇంకోదానికి వెళ్లండి.

దట్టమైన పొర ఎందుకు పగులుతుంది? గోడకు రంగు వేసేవాళ్లను అడగండి. ఒకేసారి మందంగా పూస్తే పైభాగం ముందు ఆరి, లోపల పచ్చిగా ఉంటుంది. తర్వాత లోపలిది ఆరి కుంచించుకున్నప్పుడు పైది బీటలు వారుతుంది. ముఖం గోడలా కదలకుండా కూడా ఉండదు. నవ్వితే కళ్ల పక్కన, మాట్లాడితే నోటి పక్కన చర్మం ముడుచుకుంటూ, సాగుతూ ఉంటుంది. పలచటి పొర చర్మంతో పాటు ముడుచుకుంటుంది. మందపాటిది ముడతలోకి జారి గీతగా నిలిచిపోతుంది. కాబట్టి పలచగా ఒక పూత వేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఇంకా కప్పాల్సిన చోట మాత్రమే రెండో పూత వేయండి. ముక్కు పక్కలు, గడ్డం, మచ్చలున్న చోట్లే రెండో పూత అవసరమవుతుంది. నోటి చుట్టూ, కళ్ల పక్కన మొదటి పూతతోనే సరిపెట్టండి.

ఇప్పుడు అద్దడం సంగతి. రుద్దినప్పుడు ఫౌండేషన్ ఎత్తుల మీద నుంచి పోయి రంధ్రాల అంచుల్లో పోగుపడుతుంది. కిందనున్న మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ కూడా దానితో పాటు కదులుతాయి. తట్టినప్పుడు రంగు పడినచోటే పడి, ఎత్తుకూ పల్లానికీ దాదాపు సమానంగా అందుతుంది. స్పాంజ్‌ను తడపడంలో మాయ ఏమీ లేదు. దాని గదులు ముందే నీటితో నిండి ఉంటే ఫౌండేషన్‌ను తాగవు, చర్మానికే వదులుతాయి. పొడి స్పాంజ్ సగం సీసా తానే మింగేస్తుంది. తడిపాక మాత్రం చుక్క కారకుండా పిండండి. నీళ్లు కారే స్పాంజ్ ఫౌండేషన్‌ను పలచన చేసి మచ్చల్ని మళ్లీ బయటపెడుతుంది.

వేళ్లు పనికిరావని కాదు. వేలి వెచ్చదనానికి క్రీములు కరిగి చర్మంలో బాగా కలుస్తాయి. కన్సీలర్‌కు, క్రీమ్ బ్లష్‌కు నాకు వేలే ఇష్టం. బ్రష్ విషయంలో ఒకటే గుర్తుపెట్టుకోండి. జంతువుల వెంట్రుకకు సన్నటి పొలుసులుంటాయి, అవి పొడిని పట్టుకుని మెల్లగా వదులుతాయి. సింథటిక్ కుచ్చు నున్నగా ఉంటుంది, ద్రవాన్ని పీల్చదు. అందుకే ద్రవాలకు, క్రీములకు సింథటిక్ మేలు. పొడులకు ఇప్పుడు మంచి సింథటిక్ బ్రష్‌లు కూడా వస్తున్నాయి.

ఆరో అడుగు: పౌడర్, తగినంతే

పౌడర్ పని రెండు: పై జిడ్డును పీల్చడం, పొర మీది జిగురును ఆర్పడం. సిలికా ఉన్న పౌడర్లు నూనెను బాగా పీలుస్తాయి. కానీ తెల్లటి సిలికా పౌడర్ ఫ్లాష్ వెలుతురును నేరుగా తిప్పికొడుతుంది. అద్దంలో చక్కగా ఉన్న ముఖం ఫోటోలో కళ్ల కింద పిండి చల్లినట్టు కనిపించేది దానివల్లే. రాత్రి ఫోటోలు దిగేదుంటే ఇంట్లోనే ఫ్లాష్ వేసి ఒక ఫోటో తీసి చూసుకోండి. అదృష్టాన్ని నమ్ముకోవద్దు.

కళ్ల కింద పౌడర్‌ను గుట్టగా పోసి పదినిమిషాలు వదిలేసే "బేకింగ్" రంగస్థలానికీ, దూరం నుంచి చూసే చోట్లకూ పుట్టిన పద్ధతి. గట్టి వెలుతురు, చెమట ఉన్నచోట అది నిలుస్తుంది. నలభై దాటినవాళ్ల కళ్ల కింద, పొడి చర్మం మీద పట్టపగలు చూస్తే మాత్రం ఎండిన చెరువు గుర్తొస్తుంది. ముందు ముడతలోకి జారిన కన్సీలర్‌ను వేలితో ఒకసారి తట్టి సమం చేయండి. ఆ వెంటనే చిన్న పఫ్‌కు పౌడర్ పట్టించి, దులిపి, కంటి కింద ఒత్తండి. ఊడ్చకండి. ఈ రెండు పనులూ వెంటవెంటనే చేయడంలోనే పట్టు ఉంది, ఎందుకంటే మెత్తగా ఉన్న పొర ఆగిన కొద్దీ ముడతలోకి జారుతూనే ఉంటుంది.

ఏడో అడుగు: వెలుగు నీడలు

వెలుతురు పైనుంచి వస్తుందని మన మెదడు నమ్మి కూర్చుంది. పైన వెలుగు, కింద నీడ ఉంటే ఎత్తు అనుకుంటుంది, అది తలకిందులైతే గుంత అనుకుంటుంది. నీడలా వేసే కాంటూర్, వెలుగులా పెట్టే హైలైటర్ బతికేదంతా ఆ నమ్మకం మీదే. కాబట్టి కాంటూర్ నీడ పడే చోటే ఉండాలి: చెంప ఎముక కింద, దవడ కింద, నుదుటి అంచున. చెంప ఎముక కింద గీతను నోటి దాకా లాక్కొస్తే ముఖం పీక్కుపోయినట్టు అవుతుంది. చెవి దగ్గర మొదలుపెట్టి కంటి చివరికి సూటిగా కిందనున్న చోట ఆపేయండి.

నీడకు ఎరుపు ఉండదు, కొంచెం బూడిద కలిసిన గోధుమ ఉంటుంది. నారింజ మెరుపుల బ్రాంజర్‌తో కాంటూర్ చేస్తే నీడ పడదు, మరక పడుతుంది. అలాగే మెరిసే పొడి నీడలో పెట్టకూడదు. మెరుపంటే వెలుతురును ఒకే దిక్కుకు తిప్పి కొట్టే అభ్రకపు రేకులు. నున్నటి ఎముక మీద అవి అందంగా ఉంటాయి. రంధ్రాలున్న చెంప మీద, ముడతపడ్డ కనురెప్ప మీద ప్రతి ఎత్తుపల్లాన్నీ ఎత్తిచూపుతాయి. చర్మం ఎగుడుదిగుడుగా ఉన్నచోట మెరుపు లేని రంగు, నున్నగా ఉన్నచోట మెరుపు. ఇందులో మినహాయింపులు నాకు పెద్దగా తగల్లేదు.

బ్లష్‌కు ఒక వరస నియమం ఉంది. క్రీమ్ మీద క్రీమ్, పౌడర్ మీద పౌడర్. పౌడర్ కొట్టాక పైన క్రీమ్ బ్లష్ పెడితే ఆ తడికి పౌడర్ ముద్దకట్టి మచ్చలు పడుతుంది.

ఎనిమిదో అడుగు: కళ్లు, పెదాలు

2009లో రిచర్డ్ రస్సెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక అధ్యయనం ప్రచురించారు. కళ్లు, పెదాలు చుట్టూ ఉన్న చర్మం కన్నా ఎంత ముదురుగా ఉన్నాయన్న తేడా సగటున ఆడవాళ్ల ముఖాల్లో ఎక్కువని, మేకప్ ఆ తేడానే ఇంకా పెంచుతుందని అందులో చూపించారు. వయసుతో పాటు ఆ తేడా తగ్గుతుందని 2013లో సహచరులతో కలిసి మరో అధ్యయనంలో చెప్పారు. దీన్నుంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఫౌండేషన్ ఒక్కటే వేసి వదిలేస్తే ముఖం చదునుగా, జీవం లేకుండా ఎందుకు ఉంటుందంటే, అది పెదాల అంచును, రెప్పల మొదళ్లను కూడా కప్పి ఆ తేడాను చెరిపేస్తుంది. వయసు పైబడినవాళ్లు ఫౌండేషన్ తగ్గించి, కనుబొమలు, రెప్పల మొదళ్లు, పెదాల అంచు కొంచెం దిద్దుకుంటే తక్కువ సరుకుతో ఎక్కువ ఫలితం వస్తుంది.

కన్ను పెద్దదిగా కనిపించడం కూడా కంటి భ్రమే. ఒక వృత్తం చుట్టూ దాన్ని ఆనుకున్నట్టు ఇంకో వృత్తం గీస్తే లోపలిది ఉన్నదానికన్నా పెద్దగా తోస్తుందని బెల్జియం శాస్త్రవేత్త డెల్బూఫ్ 1865లో గమనించారు. రెప్పల పక్కనే ఐలైనర్, దాని పైన ఐషాడో సన్నటి వలయంలా చేరినప్పుడు కన్ను ఆ వలయంలో కలిసిపోయి పెద్దదవుతుంది. వలయం మరీ దూరం జరిగితే ఆ భ్రమ తిరగబడుతుంది. చిన్న కళ్లవాళ్లు నాలుగువైపులా దట్టమైన కాటుక పెడితే కన్ను ఇంకా చిన్నదవడం కూడా లెక్కే. కింది రెప్ప లోపలి తడి అంచు కంటి తెలుపులో భాగంగా కనిపిస్తుంది. దాన్ని నలుపుతో నింపితే ఆ మేర తెలుపు పోతుంది. పై రెప్ప వెంట్రుకల మధ్య ఖాళీలను మాత్రం పెన్సిల్ కొసతో చుక్కలుగా నింపండి, వెంట్రుకలు ఒత్తుగా కనిపిస్తాయి, కన్ను చిన్నబోదు.

కాటుక ఎందుకు చెదురుతుంది? రెప్ప అంచునే నూనె గ్రంథులు వరుసగా తెరుచుకుని ఉంటాయి, పైగా కన్నీటి తడి. కాటుకలోని మైనం, నూనె ఆ నూనెలో కరుగుతాయి. దిద్దే ముందు రెప్ప అంచును దూదిపుల్లతో అద్ది ఆర్పండి. దిద్దాక, వెంట్రుకల బయట ఉన్న భాగం మీద మాత్రం అదే రంగు ఐషాడో పొడిని సన్నటి బ్రష్‌తో ఒత్తండి, కంట్లోకి వెళ్లకుండా. పదార్థాల పట్టీ లేని కాటుక, సుర్మా జోలికి వెళ్లకండి. వాటిలో కొన్నింట్లో సీసం బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. పసిపిల్లల కళ్లకు అసలే వద్దు.

మస్కారాకు ముందు రెప్పలు వంచాలి, తర్వాత కాదు. ఆరిన మస్కారాతో గట్టిపడ్డ వెంట్రుకను క్లిప్ వంచదు, విరుస్తుంది. బ్రష్‌ను మొదట్లో పెట్టి అటూ ఇటూ కదిపి పైకి లాగండి, బరువు మొదట్లో ఉంటే వంపు నిలుస్తుంది. కొసన ఎక్కువైతే వెంట్రుక వాలిపోతుంది. తెరిచాక మూడు నెలలకు పారేయండి, కంటి సూక్ష్మజీవులు ప్రతిసారీ ఆ గొట్టంలోకి వెళ్తూనే ఉంటాయి.

పెదాల మీద ఎక్కువసేపు ఆగను. పెన్సిల్‌లో మైనం ఎక్కువ, నూనె తక్కువ, అందుకే అది పాకదు, పైన వేసిన లిప్‌స్టిక్‌కు గట్టులా నిలబడుతుంది. ఒక పూత వేసి, కాగితంతో ఒత్తి, రెండో పూత వేయడంలో కాగితం నూనెను తీసుకుంటుంది, రంగు పెదవికే మిగులుతుంది. ఆరిపోయే ద్రవ లిప్‌స్టిక్ నీటికి లొంగదు, నూనెకు లొంగుతుంది. భోజనం తర్వాత అది పెదవి మధ్యలో ముందుగా పోవడానికి కారణం అదే.

తీసేయడం

పైన చెప్పిన పొరలన్నీ నీటికి లొంగకుండా చేసినవే కాబట్టి సబ్బు నీళ్లతో రుద్దితే మేకప్ కన్నా ముందు చర్మం అలిసిపోతుంది. పొడి ముఖం మీద, పొడి చేతులతో క్లెన్సింగ్ ఆయిల్ గానీ బామ్ గానీ రాసి ఒక నిమిషం మెల్లగా తిప్పండి. తర్వాత కొద్దిగా నీళ్లు కలిపితే అది పాలలా మారుతుంది, అప్పుడు కడిగేసి, మామూలు ఫేస్‌వాష్‌తో ఇంకోసారి కడగండి. వాటర్‌ప్రూఫ్ మస్కారాకు నూనె తడిపిన దూదిని మూసిన కంటి మీద అరనిమిషం పట్టి ఉంచి, కిందికి ఒకసారి జారిస్తే చాలు. గోరువెచ్చటి నీళ్లకే గొట్టాల్లా ఊడివచ్చే మస్కారా అయితే నూనె అవసరమే లేదు.

ఫౌండేషన్ బ్రష్, స్పాంజ్ వాడిన ప్రతిసారీ కాకపోయినా వారానికోసారైనా కడగండి. బ్రష్‌ను కుచ్చు పైకి పెట్టి ఆరబెడితే నీళ్లు కిందికి దిగి, వెంట్రుకలను పట్టి ఉంచే జిగురును వదులు చేస్తాయి. బల్ల అంచున కుచ్చు బయటికి వచ్చేలా పడుకోబెట్టండి. తడి స్పాంజ్‌ను మూత పెట్టిన డబ్బాలో దాచకండి, బూజు పడుతుంది. మర్నాడు మీరు అద్దేది ఆ స్పాంజ్‌తోనే.